నిజిన్‌స్కీ: వ్రాతకెక్కిన నాట్యము



బాలే యనునది పాశ్చాత్యుల నాట్యవిశేషము. మన కూచిపూడి భాగవతులవలె అందు దరువులు పాడరు, మాటాడరు. వాద్యసంగీతము ననుసరించి కథనంతయు దేహముతోడనే చెప్పుదురు. ఆ విద్యలో జగద్విఖ్యాతుడైన వాస్లావ్ నిజిన్‌స్కీ 1889లో కీవ్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు పోలెండు జాతీయులు. ఊరూర నాట్యమాడి జీవించినవారు. తండ్రి కుటుంబమును విడిచిపోగా, తల్లి పిల్లలతో పీటర్స్‌బర్గు చేరి, 1898లో కుమారుని చక్రవర్తి పోషణలోని నాట్యపాఠశాలకు బంపెను.

1909లో డయాగిలెవ్ అను ప్రయోక్త రష్యా నర్తకులను పారిస్‌కు గొనిపోయెను. అచట నిజిన్‌స్కీ పైకెగిరినచో ఒక క్షణము గాలిలో నిలిచి పిమ్మట దిగినట్లు చూపరులకు దోచెడిదట. అయినను పరులు కూర్చిన నాట్యము నాడుటతో అతడు తనివి నొందలేదు. 1912లో దెబుస్సీ సంగీతమునకు 'ఫాన్ అపరాహ్ణము' అను నాట్యమును స్వయముగా కల్పించెను. ఫాన్ అనగా సగము మేక, సగము మనుష్యుడైన వనదేవత. గ్రీకుపాత్రలపై చిత్రించిన బొమ్మలవలె నర్తకులందరు పక్కవాటుగా నడుతురు. ఎగురుటకు పేరొందినవాడు అందు ఒక్కమారే, అదియు చిన్నగా, ఎగిరెను!

1913 మే 29న పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ సంగీతమునకు కూర్చిన 'వసంతారాధనము' ప్రదర్శింపబడెను. కాలివ్రేళ్లు లోనికి ద్రిప్పి నేలను దన్నుచు ఆడు ఆ నాట్యమును జూచి సభ రెండుగా చీలి కేకలు వేసెను. వాద్యములు వినబడకపోగా, నిజిన్‌స్కీ తెరచాటున కుర్చీపై నిలిచి నర్తకులకు లెక్క కేకవేసి చెప్పెను. ఆ యేడే అతడు రొమోలా అను హంగరీ యువతిని పెండ్లాడగా, డయాగిలెవ్ ఆగ్రహించి బృందమునుండి తొలగించెను. పది ప్రదర్శనలైన కాకమునుపే వసంతారాధనము మూలబడెను. 1920లో మరల ఆడింపబోగా అడుగులు జ్ఞాపకమున్నవారు లేరు. మాసీన్ అను మరియొకనిచే క్రొత్త నాట్యము కట్టింపవలసివచ్చెను. అడంగలున కెక్కని భూమివలె అది అన్యాక్రాంతమయ్యెను. 1987లో అమెరికాలో మిలిసెంట్ హాడ్సన్ అనునామె నాటి టిప్పణములను, రేఖాచిత్రములను ఏండ్ల తరబడి ఏర్చి కూర్చి దానిని పునర్నిర్మించెను. అయినను అది ఊహతో అతికిన బొంత యని కొందరు విమర్శకు లనుట అన్యాయము గాదు.

ఫాన్ నాట్యమునకు మాత్ర మా గతి పట్టలేదు. యుద్ధకాలమున రష్యా ప్రజయైనందున నిజిన్‌స్కీ బుడాపెస్టున అత్తవారింట నిర్బంధింపబడెను. 1915లో అచటనే కూర్చుండి, సంగీతస్వరలిపిని బోలిన గీతలపై, ప్రతి నర్తకుని ప్రతి యంగవిన్యాసమును తాళప్రమాణముతో సహా వ్రాసియుంచెను. మన కాకతి గణపతిదేవుని గజసేనాని జాయన 13వ శతాబ్దమున నృత్తరత్నావళిని రచించెనుగదా. అది లక్షణగ్రంథము, ఇది ఒక్క నాట్యమునకు అడుగడుగు లెక్క.

1919లో, ముప్పదియేండ్లైన నిండకమునుపే, అతనికి మతి చలించెను. తరువాతి ముప్పదియేండ్లు వైద్యశాలలలోను, వెలుపలను గడచెను. 1950 ఏప్రిల్ 8న లండనున మరణించెను. అతని నాట్యమును జూపు చలనచిత్ర మొక్కటియు లభింపలేదు. ఆ వ్రాతప్రతి మాత్రము బ్రిటిష్ లైబ్రరీకి జేరెను. అతని లిపి ఎవరికిని బోధపడక చిరకాలము పడియుండగా, 1980 దశకమున ఆన్ హచిన్‌సన్ గెస్ట్, క్లాడియా యెష్కె అను నిద్దరు విదుషీమణులు దానిని చదివిరి. నర్తకులు జ్ఞాపకముతో ఒకరికొకరు నేర్పుచు వచ్చిన ఫాన్‌కును, ఆ కాగితములలోని ఫాన్‌కును పలుచోట్ల భేదములు గానవచ్చెను.