మడమ మిగులుతుందా అని అడగండి



మన చివ్వెంల దగ్గర పాదాలు ఎక్కువగా రెండు కారణాలతో పోతాయి. ఒకటి 65వ నంబరు జాతీయ రహదారి మీద జరిగే ప్రమాదాలు, రెండోది షుగరు. తిమ్మిరెక్కిన కాలికి ముల్లు దిగినా తెలియదు, పుండు కుళ్లాకే తెలుస్తుంది. డాక్టరు కాలు తీయాలనగానే ఇంటిల్లిపాదీ గొల్లుమంటారు. ఎక్కడిదాకా తీస్తారని అడిగేవాళ్లు తక్కువ. ఈ పూట నేను మాట్లాడేది ఆ ప్రశ్న గురించే.

1842లో, ఆపరేషన్లకు మత్తుమందు ఇంకా రాని రోజుల్లో, ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ అనే సర్జన్ చీలమండ దగ్గర పాదం తీసేసి మడమ చర్మాన్ని మాత్రం దక్కించాడు. మడమ ఎముకను లోపలినుంచి జాగ్రత్తగా ఒలిచి, చీలమండ గుబ్బల్ని సమంగా కోసి, ఆ మందపాటి చర్మాన్ని కాలి ఎముక కిందికి తెచ్చి కుట్టాడు. మడమ కింద కొవ్వు చిన్నచిన్న అరల్లో బిగిసి ఉంటుంది. ఒంటి బరువు మోయడానికే ఏర్పడిన చోటు అది. పిక్క చర్మానికి ఆ శక్తి లేదు. అందుకే ఈ ఆపరేషన్ బాగా కుదిరినవాళ్లు రాత్రిపూట బాత్‌రూమ్‌కి కృత్రిమ కాలు తొడుక్కోకుండానే నాలుగడుగులు వేయగలరు. మోకాలి కింద తీసినవాళ్లకు ఆ వీలుండదు.

1850లలో రష్యా సర్జన్ పిరొగోవ్ మడమ ఎముకలో కొంత ఉంచి కాలి ఎముకకు అతికించాడు. కాలి పొడవు ఇంకాస్త మిగులుతుంది, కానీ ఆ ఎముకలు అతుక్కోవాలి. షోపార్ అనే ఇంకో పద్ధతిలో పాదం వెనకభాగం ఉంటుంది గానీ, పిక్క కండరం లాగేసి మొండిపాదం కిందికి వాలిపోయే ప్రమాదముంది.

నడక సంగతికొస్తే, 1976లో అమెరికాలో వాటర్స్ బృందం రక్తనాళాల జబ్బుతో కాళ్లు పోయినవాళ్ల వేగం కొలిచింది. సైమ్ ఆపరేషన్ అయినవాళ్లు నిమిషానికి సగటున 54 మీటర్లు, మోకాలి కింద తీసినవాళ్లు 45, మోకాలి పైన తీసినవాళ్లు 36 మీటర్లు నడిచారు.

అయితే మడమకు రక్తం అందాలి. లోపలి చీలమండ వెనక రెండు వేళ్లు ఆనించి చూడండి, నాడి కొట్టుకుంటుంది. అది దొరక్కపోతే రక్తం పారుతోందో లేదో చూసే డాప్లర్ పరీక్ష చేయాలి. రక్తం అందని మడమ కోసం పట్టుబట్టి, పుండు మానక మళ్లీ ఆపరేషన్ బల్లెక్కడం కంటే ముందే మోకాలి కింద తీయించుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. 1968లో డాక్టర్ సేథీ, రామచంద్ర శర్మ తయారుచేసిన జైపూర్ కృత్రిమ పాదంతో బురదలోనూ నడవచ్చు, బాసిపట్టు వేసి కూర్చోవచ్చు. మోకాలి కింద కాలు పోయిన నర్తకి సుధా చంద్రన్ ఆ పాదంతోనే నాట్యమాడింది, ‘మయూరి’ సినిమా మనమంతా చూశాం.

ఇక సైమ్ ఆపరేషన్ అయిన కాలు చివర లావుగా ఉంటుంది కాబట్టి తొడుగు ప్రత్యేకంగా చేయించాలి. మడమ చర్మం పక్కకు జరుగుతోందేమో చూపించుకుంటూ ఉండాలి.

షుగరున్నవాళ్లు దురాజ్‌పల్లి జాతరకైనా సరే, చెప్పుల్లేకుండా నడవొద్దు. రోజూ అరికాళ్లు చూసుకోండి. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాల్సి వస్తే, మడమకు రక్తం అందుతోందా, మడమ మిగులుతుందా అని డాక్టరును అడిగాకే పెట్టండి.