సైకిల్ కొనేముందు వంగి చూడాల్సిన చోటు

ప్రొద్దుటూరులో మా నాయనది పాత నల్ల సైకిల్, 20 కిలోల పైమాటే. మోకాలి నొప్పితో ఇంటి మెట్లెక్కించలేక ‘ఇంక తొక్కలేను లేరా’ అన్నాడు. నాకు మనసొప్పలేదు.

బెంగళూరులో జాబ్ చేసేటప్పుడు కొన్న నా అల్యూమినియం సైకిల్ ఇచ్చా. 13 కిలోలే. సంతోషంగా ఎక్కినాడు. వెనక్కి చూసి ‘రే, సంచి యాడ పెట్టాల?’ అన్నాడు. క్యారియర్ బిగిద్దామంటే వెనక చక్రం యాక్సిల్ దగ్గర బోల్టు వేసే హోల్సే లేవు! సీటు రాడ్‌కు బిగించేవి దొరుకుతాయి గానీ, సాధారణంగా 10 కిలోలకు మించి మోయవు. షాపులో గేర్లు లెక్కపెట్టే ముందు వంగి ఆ హోల్స్ చూడండి.

మడ్‌గార్డ్ సంగతి జమ్మలమడుగు వాళ్లకు చెప్పక్కర్లేదు. వాన పడితే నల్లరేగడి మట్టి టైరుకు అంటుకుని, మడ్‌గార్డ్ లోపల ఇరుక్కుని, చక్రమే తిరగదు. మధ్యలో వేలు దూరేంత సందుండాలి.

పులివెందుల నుంచి ఒక తమ్ముడు ‘గేర్లు కావాలా అన్నా?’ అని అడిగాడు. ఊర్లో తిరగడానికి ఒక్క గేరు చాలు తమ్ముడూ. బరువూ తక్కువ, రిపేరూ తక్కువ.

నాయనకు అలాంటిదే తీసుకున్నాం. నిన్న సంచి కట్టుకుని మార్కెట్‌కు పోయినాడు. తోడొస్తానంటే వద్దన్నాడు.