ఈ-మెయిలు యాప్ మొదట్లోనే ఆగిపోయినచో



2025లో సిసిఐకి పత్తి అమ్మదలచిన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతపు రైతులు కపాస్ కిసాన్ యాప్‌లో ముందుగా స్లాటు తీసికొనవలసి వచ్చినది. ఆండ్రాయిడ్ ఫోనులోని ప్లే స్టోర్ నుండి ఏ యాప్ దింపుకొనవలెనన్నను గూగుల్ ఖాతా ఉండవలెను. దీనికై కొందరు మొదటిసారి జీమెయిలు పెట్టుకొనవలసి రావచ్చును.

అట్లు పెట్టుకొనుచుండగా యాప్ ఉన్నట్టుండి ఆగిపోయినచో కంగారు పడవద్దు. మోటారు ఆగినంత మాత్రాన బావి ఎండదు గదా! యాప్ మోటారు వంటిది. మీ ఉత్తరాలు ఉండునది ఫోనులో మాత్రమే కాదు, గూగుల్ వారి కంప్యూటర్లలో.

మొదట ఫోను ఆపి తిరిగి వేయండి. తేదీ, సమయము సరిచూడండి. ఫోను నిండియున్నచో అక్కరలేని వీడియోలు తీసివేయండి. ఖాతా ఇంకను ఎక్కనిచో సెట్టింగులలోని అకౌంట్స్ ద్వారా చేర్చండి. తరువాత ప్లే స్టోర్‌లో జీమెయిలు, క్రోమ్, ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ, ఈ మూడింటిని అప్‌డేట్ చేయండి. 2021 మార్చిలో వెబ్‌వ్యూ లోపము వలన ఎన్నో దేశాలలో జీమెయిలు ఆగిపోయినది, అప్‌డేట్‌తో బాగుపడినది. అప్పటికిని కుదరనిచో జీమెయిలు యాప్ సమాచారములో 'క్లియర్ కాష్' నొక్కండి. దానివలన ఉత్తరాలు పోవు.

ఈలోగా క్రోమ్‌లోనే జీమెయిలు తెరచి చూచుకొనవచ్చును.

ఒక్క హెచ్చరిక. బాగుచేసెదనని ఫోను చేసిన అపరిచితునికి పాస్‌వర్డు గాని, ఓటీపీ గాని చెప్పరాదు. ఆగిన మోటారును బాగుచేయవచ్చును. బావినే పరుల చేతిలో పెట్టరాదు.