బందరుకోట

మన నేఁతవస్త్రములు కొనుటకై 1611లో ఆంగ్లవర్తకులు దిగిన రేవు బందరు. దాని కోట 1750లో పరాసులపాలయ్యెను. 1759 ఏప్రిలు 7వ తేది రాత్రి ఫోర్డుదొర దానిపై లగ్గలు పట్టించి గెలిచెను. చెఱఁ జిక్కినవారు చెఱపట్టినవారికంటె నెక్కువ! ఇరువంకల నెత్తురోడ్చిన సిపాయీలు మనవారే. ఆంగ్లేయులను బిలిచినవాఁడు విజయనగరప్రభువు ఆనందగజపతి. పరాసులకుఁ దోడుగ వచ్చిన సలాబతుజంగు మే 14న సంధి చేసికొని, బందరును గెలిచినవారికే ధారవోసెను.

1864 నవంబరు 1వ తేది యుప్పెన సుమారు 30,000 ప్రాణములను మ్రింగెను. మఱుసటియేఁడు సైన్యము కోటను విడిచెను. శిథిలములఁ జూచి మనము సముద్రమును నిందింతుము. సముద్రము ముంచుటకు నూటయైదేండ్లు ముందే మన కలహము ఆ కోటను ముంచినదని మఱవకుందము.