బెంగళూరు రైలుపేట 1864లో పుట్టలేదు

ఎవరి పేరిట ఈ స్మారకోపన్యాస నిధి ఏర్పడిందో ఆ మాస్టారితో నాకు స్నేహం కన్నా తగాదాయే ఎక్కువ. రైస్ రాసిన మైసూరు గెజెటీరు నా ప్రతిని అరువు పట్టుకెళ్లి, రైల్వేల అధ్యాయం పక్కన పెన్సిలుతో ‘1864!’ అని రాసి, కింద రెండు గీతలు గీసి తిరిగిచ్చారు. పెద్దమనిషి, మొండిమనిషి. ఆ గీతలకు జవాబే ఈ ప్రసంగం.

కెంపేగౌడ కోట, 1809 నాటి కంటోన్మెంటు, 1898 ప్లేగు, ధర్మాంబుధి చెరువు బస్టాండు కావడం మీకు తెలిసినవే. వాటిని దాటి వెళ్దాం.

మెజెస్టిక్, కాటన్‌పేట, ఓకళీపురం, బిన్నీ మిల్లు ప్రాంతాన్ని నేను రైలుపేట అంటున్నాను. మద్రాసు రైల్వే జోలార్‌పేట నుంచి 1864లో తెచ్చిన బండి దీన్ని కన్నదని మాస్టారి పక్షం. బండి వచ్చిన మాట నిజం. వచ్చింది దండుకు, అంటే కంటోన్మెంటుకు. ఆ స్టేషనును ఇప్పటికీ దండు స్టేషను అనే అంటారు. రైలు రాగానే పేట వెలుస్తుందన్నదే సూత్రమైతే, పదిహేడేళ్లపాటు ఈ పడమటి దిక్కున స్టేషనే లేదెందుకు?

జవాబు కరువులో ఉంది. మైసూరు సంస్థాన జనాభా 1871 లెక్కల్లో 50,55,412, 1881లో 41,86,188. నడుమ 1876-78 కరువు. ఆ ఆకలి చేతులతోనే బెంగళూరు-మైసూరు మీటర్‌గేజి కట్ట పోయించారు. 1882 నాటికి బండి మైసూరు చేరింది. ‘అప్పటి పాలకులు బ్రిటిషు కమిషనర్లే కదా’ అని అడ్డుకుంటారు. 1881 దాకా సంతకం వారిదే, కాదనను. ఖజానా సంస్థానానిది, చెమట రైతుది. సంతకం పెట్టినవాడే కట్టినవాడైతే మన ఊళ్లలో చెరువులన్నీ కరణాలే తవ్వారనాలి.

ఇక చరిత్రకారిణి జానకీ నాయర్. బెంగళూరు మీద 2005లో వచ్చిన ఆమె పుస్తకం తూర్పున కంటోన్మెంటు, పడమర పేట అని రెండు ఊళ్లను చూపింది. నాకు సమ్మతమే. కానీ మాస్టారి శిష్యులు దాన్నే పట్టుకుని, తూర్పు ముందు వచ్చింది గనుక పడమరకు అదే మూలం అంటారు. ముందు వచ్చినదల్లా కారణం కాదు. పైగా అసలు సంగతి గేజిలో ఉంది. దండు వైపు బ్రాడ్‌గేజి, సంస్థానం వైపు మీటర్‌గేజి. ఈ పడమటి దిక్కున వెలిసిన సిటీ స్టేషనులో రెండూ కలిశాక, ఒక వ్యాగను సరుకు రెండో దాంట్లోకి మనిషి మోసి మార్చవలసిందే. గోనెసంచి మడిచి తలమీద కప్పుకుని, బస్తా వీపున వేసుకుని, పలక మీదుగా హమాలీ నడిచాడు. గేజి తేడా కంపెనీలకు తలనొప్పి, అతనికి కూలి. హమాలీ ఉన్నచోట గుడిసె, గుడిసె ఉన్నచోట సారాకొట్టు. తర్వాత బిన్నీవారి చేతికొచ్చిన మిల్లు 1884లో లేచింది. స్టేషను ఎదుట గుబ్బి తోటదప్పగారి సత్రానికి 1897లో పునాది పడింది. సిపాయి దిగే స్టేషనుకు సత్రం అక్కరలేదు, బారకాసు ఉంటుంది. దిక్కులేని ప్రయాణికుడు దిగే స్టేషనుకే సత్రం కావాలి.

ఇక్కడే నా ప్రస్తుత పని మొదలవుతుంది. 1892-93లో గుంతకల్లు లైను ధర్మవరం, హిందూపురం మీదుగా ఈ స్టేషనుకే కలిసింది. అప్పట్నుంచి అనంతపురం సీమ కరువుకు ఒక టికెట్టు దొరికింది. ఆ టికెట్టు పట్టుకుని వచ్చినవాళ్ల చరిత్ర గెజెటీర్లలో లేదు. గ్యాంగు కూలి పుస్తకాలు, సత్రం చీటీలు, పెళ్లిపత్రికల్లో ఉంది. అవి ఓకళీపురం, శ్రీరామపురం ఇళ్లలోని పెట్టెల్లో ఉంటాయని నా నమ్మకం. వాటిని పోగుచేసి ఒక సంపుటంగా తెస్తున్నాను. ఈ సభలో హిందూపురం, పెనుకొండ, గుత్తి మూలాలున్నవారు తక్కువేమీ కాదు. తాతగారి కాగితం ఏదున్నా నకలు తీసి ఇస్తాను, అసలు మీకే తిరిగిస్తాను, అంచుల్లో పెన్సిలు పెట్టను. సంపుటం అచ్చయ్యాక 1864 పక్షంవారు ఖండన రాయవచ్చు. కూలి పుస్తకాలకు జవాబు కూలి పుస్తకాలతోనే చెప్పాలన్నది నా షరతు.