పాత జీతం, కొత్త ధరలు

ఈ దినము మన ధ్యానమునకు మత్తయి సువార్త 20వ అధ్యాయము, 1 నుండి 16 వచనములు తీసుకొందాము.

ద్రాక్షతోట యజమానుడు దినమునకు ఒక దేనారము అని పనివారితో ఒప్పుకున్నాడు. సాయంకాలం అయిదు గంటలకు వచ్చినవారికీ దేనారమే ఇచ్చాడు. ఇది దేవుని కృపను గూర్చిన ఉపమానమని మనకు తెలుసు. అయితే దేనారము అంటే ఆ కాలంలో ఒక కూలివాని దినకూలి. గంటసేపే పనిచేసినవాని ఇంట్లో పిల్లల ఆకలి పన్నెండో వంతు ఉండదు గదా!

ఇల్లు గడవడానికి ఎంత కావాలో మన దేశం కూడా లెక్క కట్టింది. 1957లో 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనానికి కొలతలు పెట్టింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, పెద్దవానికి రోజుకు 2,700 కేలరీల ఆహారం, ఇంటిల్లిపాదికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం వగైరాలకు 20 శాతం. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, పెళ్లిళ్లు, వృద్ధాప్యం కొరకు మరో 25 శాతం ఉండాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. పండుగలు కూడా! క్రిస్మస్‌కు పిల్లవాని కొత్త చొక్కా దానధర్మం కాదు, కూలిలో భాగమే.

కనీస వేతనాలను ఐదేళ్లకు మించకుండా సమీక్షించాలని చట్టం. బియ్యం, నూనె, గ్యాస్ బండ ఐదేళ్లు ఆగుతాయా? ధరలను బట్టి కరువు భత్యం పెంచే ఏర్పాటు ఉంది గాని, ఇళ్లలో పాచిపని చేసే తల్లుల దాకా అది వచ్చేది అరుదు.

లాబాను తన జీతము పదిమార్లు మార్చాడని యాకోబు బాధపడ్డాడు (ఆదికాండము 31:7). మనమైతే మార్చకుండానే తగ్గిస్తున్నాం. అంకె అదే, దానితో వచ్చే బియ్యం తక్కువ.

ఈ మాట ప్రభుత్వానికీ, ఫ్యాక్టరీలకూ మాత్రమే కాదు. మన మందిరము ఊడ్చే సహోదరి, గేటు దగ్గర వాచ్‌మన్, సంఘ పాఠశాలలో ఆయా, వీరి జీతమెంత? కానుకలు చాలడం లేదంటారు. మందిరానికి రంగులు వేయడానికి, కొత్త మైకులకు చాలాయి గదా. జీతమియ్యక మేడలు కట్టుకున్న రాజును గూర్చి యిర్మీయా 22:13 చదివి చూడండి.

సంఘ పెద్దలారా, వచ్చే కమిటీలో ఆ సహోదరి జీతం చివరిసారి ఏ సంవత్సరం పెంచారో పుస్తకం తీసి చూడండి. ఆ ఏడు ఆమె ఇంటి అద్దె ఎంతో, ఇప్పుడెంతో ఆమెనే పిలిచి అడగండి. ఇంట్లో పనిమనిషి ఉన్నవారు కమిటీ కోసం ఆగనక్కరలేదు. ద్వితీయోపదేశకాండము 24:15లో కూలికి గడువు సూర్యాస్తమయమే.

ప్రార్థన చేసుకొందాము.