అవ్వ పేరు మళ్లీ వస్తోంది... కానీ ఏ అవ్వ పేరు?

ఈ రోజు టాపిక్ ఆడపిల్లల పేర్లు. ఇన్‌స్టాలో రీల్స్ చూస్తుంటారు కదా, 'వింటేజ్ తెలుగు నేమ్స్ ఫర్ బేబీ గర్ల్' అని. మైథిలి, జానకి, అరుంధతి, వసుధ, అహల్య. శాన్వి, ఆన్విలతో విసిగిపోయినోళ్లు ఇప్పుడు ఇటు చూస్తున్నారు. 'ఫిదా'లో భానుమతి, 'పుష్ప'లో శ్రీవల్లి కూడా పాత పేర్లకు మళ్లీ కొంచెం గ్లామర్ తెచ్చాయి.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో 1880 నుంచి ఏ ఏడాది ఏ పేరు ఎంతమందికి పెట్టారో ప్రభుత్వం దగ్గర లెక్క ఉంది. 1880లో ఎమ్మా అనే పేరు మూడో స్థానంలో ఉంది. తర్వాత చానా కిందికి జారిపోయింది. మళ్లీ పైకొచ్చి 2014 నుంచి 2018 దాకా వరసగా ఐదేళ్లు నంబర్ వన్! ఎందుకంటారా? అమ్మ పేరు, అత్త పేరు మనకు పాతగా అనిపిస్తాయి. సుజాత, సునీత అంటే ఇప్పుడు ఆంటీల పేర్లు. అదే అవ్వ పేరు అనుకోండి, మన క్లాసులో ఎవరికీ లేదు కాబట్టి కొత్తగా వినిపిస్తుంది.

సరే, ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. కర్నూలు, కడప పల్లెల్లో మన అవ్వలకు, జేజిలకు ఉన్న పేర్లు మైథిలి, వసుధలేనా? కాదు కదా! ఓబులమ్మ, మద్దిలేటమ్మ, చౌడమ్మ, పెంచలమ్మ, హుసేనమ్మ. ఆ రీల్స్‌లో వీటిలో ఒక్కటైనా చూశారా? నేనైతే చూడలేదు.

ఈ పేర్లన్నీ ఒక మ్యాప్ లాంటివి. ఓబులమ్మ అంటే అహోబిలం నరసింహస్వామి. అహోబిలం నోట్లో నలిగి ఓబులం అయింది. వడ్డె ఓబన్న పేరులో, ఓబులవారిపల్లె అనే ఊరి పేరులో ఉన్నదీ అదే. మద్దిలేటమ్మ అంటే బేతంచెర్ల దగ్గరి మద్దిలేటి నరసింహస్వామి. చౌడమ్మ అంటే నందవరం చౌడేశ్వరి. పెంచలమ్మ అంటే కడప దాటి నెల్లూరు వైపు అడవిలో ఉన్న పెంచలకోన. పేరు వింటే చాలు, ఆ ఇంటోళ్లు ఏ కొండకు మొక్కుకున్నారో తెలిసిపోతుంది.

ఇంకా విశేషం ఏందంటే హుసేనమ్మ, మస్తానమ్మ, దస్తగిరమ్మ, కుళ్లాయమ్మ. ఇవి హిందువుల ఇళ్లలో కూడా ఉన్న పేర్లు! దర్గాకు మొక్కుకుని, పీర్ల పండక్కి మొక్కుకుని బిడ్డ పుడితే ఆ పేరే పెట్టారు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయస్వామి పేరు సీమ అంతా ఉంది. అటు చూస్తే ఉగాది రోజు దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు, బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ అని. ఇంత పెద్ద కథను ఒక్క మాటలో దాచిన పేరు పోతే, దానితో పాటు ఆ కథా పోతుంది.

మరి ఎందుకు వదిలేశాం? సిగ్గు. స్కూల్లో అటెండెన్స్ పిలిచేటప్పుడు 'ఓబులమ్మ' అంటే వెనక బెంచీ నవ్వుతుంది. ఆ పేరుకు పల్లెటూరు, పేదరికం, కులం అన్నీ అంటించేశారు. అందుకే చదువుకున్నాక కొందరు పేరే మార్చుకున్నారు. పాతదైతే చాలదు, పుస్తకంలో ఉన్న పాతదైతేనే 'వింటేజ్'. మన అవ్వది మాత్రం 'మొరటు' అంట! ఈ తేడా ఎవరు పెట్టారో ఒకసారి ఆలోచించండి.

అట్లని పాతవన్నీ బంగారం అనడం లేదు. ముందు బిడ్డలు దక్కకపోతే పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి తీసి పెంటమ్మ అన్నారు, అడుక్కున్నట్టు చేసి భిక్షమ్మ అన్నారు. దాని వెనక తల్లి భయం ఉంది, మనం నవ్వకూడదు. కానీ ఆ పేరు మోసింది బిడ్డ. మహారాష్ట్రలో ఆడపిల్ల వద్దు అనుకుని 'నకుశా' అని పెట్టేవాళ్లు. 2011లో సతారా జిల్లాలో 285 మంది అట్లాంటి పిల్లలకు కొత్త పేర్లు పెట్టారు. మంచి పని. బిడ్డను తక్కువ చేసే పేరు పోవాల్సిందే. కొండను, నదిని, మొక్కును గుర్తు చేసే పేరు ఎందుకు పోవాలి?

పేర్లు కావాలా? మన దగ్గరే ఉన్నాయి. మొల్ల: బద్వేలు దగ్గరి గోపవరం కుమ్మరి బిడ్డ, తెలుగులో రామాయణం రాసింది. మొల్ల అంటే ఒక రకం మల్లెపువ్వు. రెండే అక్షరాలు, ఇంతకన్నా మోడర్న్ ఏముంది! తిమ్మక్క: తాళ్లపాక అన్నమయ్య భార్య, 'సుభద్రా కల్యాణం' రాసిన కవయిత్రి. ఈశ్వరమ్మ: పోతులూరి వీరబ్రహ్మంగారి మనవరాలు. ఈశ్వరి అంటే ఎంత బాగుంది! పినాకిని: మన పెన్నా నదికి ఇంకో పేరు.

ఒక ప్రాక్టికల్ మాట. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి. కానీ పేరు అప్పుడే చెప్పాలని రూల్ లేదు. ఏడాది లోపల ఫీజు లేకుండా చేర్చొచ్చు, తర్వాత కూడా 15 ఏళ్ల వరకు ఫీజు కట్టి చేర్చొచ్చు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినోళ్లకు స్కూలు అడ్మిషన్‌కి, పాస్‌పోర్ట్‌కి పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెటే ఆధారం. అందుకని స్పెల్లింగ్ ఒక్కసారే సరిగ్గా చూసుకుని రాయించండి. నక్షత్రం అక్షరం కుదరలేదంటే, మన ఇళ్లలో జన్మనామం ఒకటి, పిలిచే పేరు ఒకటి ఎప్పటి నుంచో ఉన్నదే కదా.

ఫ్రెండ్స్, ఈ వీడియో అయిపోయాక ఒక పని చేయండి. ఇంట్లో అవ్వ ఉంటే 'అవ్వా, నీకు ఈ పేరు ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు?' అని అడగండి. లేకుంటే నాయన్నో, అమ్మనో అడగండి. చెప్పేది ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. మీ ఇంట్లో పుట్టబోయే బిడ్డకు ఆ పేరు పెడతారో లేదో అది మీ ఇష్టం. కానీ పెట్టకపోయినా, ఆ పేరు విని నవ్వడం మాత్రం మనతోనే ఆగిపోవాలి.

మీ అవ్వ పేరు కింద కామెంట్లో రాయండి, నేను అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!